సూదికీ ముద్దకీ మధ్య అరగంట

ఈసారి ఉత్తరం నాలుగు పేజీలుంది. రాసినావిడ తన పేరు వేయొద్దన్నారు. వయసు 47, హైస్కూల్లో లెక్కల టీచర్. టైప్ 2 షుగర్ వచ్చి 13 ఏళ్లయింది. మాత్రలు చాలక మూడేళ్ల కిందట రాత్రి పడుకునే ముందు ఒక ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఏడాదిన్నరగా దానికి తోడు మూడు పూటలా భోజనానికి ముందు రెగ్యులర్ ఇన్సులిన్ కూడా వేసుకుంటున్నారు. తినడానికి అరగంట ముందు వేసుకోవాలని డాక్టర్ చెప్పారు. చిక్కంతా ఆ అరగంటతోనే. స్కూల్లో మధ్యాహ్న విరామమే 30 నిమిషాలు. బెల్ కొట్టాక సూది వేసుకుని అరగంట ఆగితే తినేదెప్పుడు? అందుకని బాత్రూంలోకి వెళ్లి, గబగబా తొడకు వేసుకుని, వచ్చి వెంటనే తినేస్తున్నారు. ఆవిడకు షుగర్ ఉందని స్టాఫ్ రూంలో ఎవరికీ తెలియదు.

రీడింగులు పద్ధతిగా రాశారు. పరగడుపున 110 నుంచి 120. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు 240 పైనే. సాయంత్రం నాలుగున్నరకు వణుకు వచ్చి చూసుకుంటే ఒకరోజు 68, ఇంకోరోజు 61. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. అర్ధరాత్రి దాటాక ఒళ్లంతా చెమటతో మెలకువ వచ్చిన రాత్రులు పోయిన నెలలో మూడు. హెచ్‌బీఎ1సీ 8.1 (ఇది మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష). ఒకరోజు తిన్న రెండు గంటలకు 262 కనిపించేసరికి భయపడి ఇంకో నాలుగు యూనిట్లు వేసుకున్నారు. స్కూలు వదిలాక బండి మీద ఇంటికి వెళుతుంటే కళ్లు మసకబారాయి. బండి పక్కకు ఆపి కూలబడిపోయారు. అప్పటి నుంచి పరీక్షలున్న రోజు, ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు మధ్యాహ్నం సూది మానేస్తున్నారు. ఆ సంగతి డాక్టర్‌కీ చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

ఇక తలా ఒక మాట. డాక్టర్ త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కు మారమంటున్నారు. మరిది గారు "పాతదైనా కొత్తదైనా ఒకటే వదినా, అంతా కంపెనీల వ్యాపారం" అంటున్నారు. తోటి టీచర్ కొడుక్కి టైప్ 1, అతను అన్నిటికన్నా కొత్తది వాడుతున్నాడట. ఆమె చెబుతుంటే ఈవిడ ఏమీ తెలియనట్టు విన్నారు. ముక్కుతోనో నోటితోనో పీల్చే ఇన్సులిన్ ఉందని ఎక్కడో చదివారు. భర్త మాత్రం "టైముకి వేసుకోనప్పుడు ఏ ఇన్సులిన్ అయితే ఏంటి?" అంటున్నారు. ఉత్తరం చివర రెండు ప్రశ్నలు. వీటిలో ఏది మంచిది? నిజంగా తప్పు నాదేనా?

టీచర్ గారూ,

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలినట్టే. 30 నిమిషాల విరామంలో 30 నిమిషాలు ఆగి తినడం ఎవరివల్లా కాదు. ఇందులో క్రమశిక్షణ ప్రసక్తే లేదు. మందు రాసేటప్పుడు మీ స్కూలు టైంటేబుల్ ఎవరూ అడగలేదు, మీరూ చెప్పలేదు. సూది మానేసి దాచిపెట్టడం మాత్రం పొరపాటే. దాని గురించి తర్వాత మాట్లాడదాం.

ఆ అరగంట ఎందుకో మీకు చెప్పినట్టు లేరు. రెగ్యులర్ ఇన్సులిన్‌లో అణువులు విడివిడిగా ఉండవు. జింక్ చుట్టూ ఆరేసి చొప్పున గుంపు కట్టి ఉంటాయి. చర్మం కిందకు వెళ్లాక ఆ గుంపు విడిపోవాలి. రెండుగా, ఒంటిగా అయ్యాకే అవి రక్తంలోకి దూరగలవు. ఆ విడిపోవడానికి పట్టేదే మీ అరగంట. క్లోమం ఇన్సులిన్‌ను నేరుగా రక్తంలోకి వదులుతుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. మనం చర్మం కింద పొడుస్తున్నాం కాబట్టి ఈ నిరీక్షణ తప్పడం లేదు.

మీరు లెక్కల టీచర్ కావడంతో నా పని సులువైంది. ఒక గ్రాఫ్ కాగితం తీసుకోండి. అడ్డంగా టైం, మధ్యాహ్నం 12:40 నుంచి రాత్రి ఏడున్నర దాకా. ఒక గీత భోజనానిది. తినడం మొదలుపెట్టిన గంట, గంటన్నరకు షుగర్ శిఖరానికి చేరుతుంది. తర్వాత దిగుతుంది. రెండో గీత తినేటప్పుడే వేసుకున్న రెగ్యులర్‌ది. అరగంట దాకా దాదాపు కదలదు. రెండు నుంచి నాలుగు గంటల మధ్య, అంటే మీ లెక్కన 2:40 నుంచి 4:40 మధ్య దాని శిఖరం. తోక ఆరు గంటలు, ఒక్కోసారి ఎనిమిది గంటల దాకా సాగుతుంది. రెండు గీతలూ చూడండి. షుగర్ ఎక్కే వేళకు ఇన్సులిన్ ఇంకా బూట్లు వేసుకుంటోంది. ఇన్సులిన్ జోరందుకునే వేళకు భోజనం అయిపోయింది. తిన్న రెండు గంటలకు 240 పైన, సాయంత్రం నాలుగున్నరకు 61. ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి విరుద్ధం కావు, ఒకే కథలో రెండు చివరలు.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. రెండు గంటల రీడింగు ఒక్కటే చూసినవాళ్లు "డోసు చాలడం లేదు, పెంచుదాం" అంటారు. పెంచితే సాయంత్రం ఇంకా పడిపోతారు. సాయంత్రం వణుకు గురించి ఒక్కటే విన్నవాళ్లు "డోసు ఎక్కువైంది, తగ్గిద్దాం" అంటారు. తగ్గిస్తే మధ్యాహ్నం 300 దాటొచ్చు. మీ అంకెలు నాకు చెబుతున్నది డోసు గురించి కాదు, టైం గురించి. పరగడుపు రీడింగు బాగుంది కాబట్టి రాత్రి ఇన్సులిన్ తన పని తాను చేస్తున్నట్టే ఉంది. ఒక్క సందేహం: రాత్రి భోజనం ముందు వేసుకున్న రెగ్యులర్ తోక కూడా అందులో ఎంతో కొంత సాయం చేస్తూ ఉండొచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనికే వస్తాను.

బండి మీద జరిగినదానికి కూడా అదే గ్రాఫ్ జవాబు. 2:40కి 262 చూసి భయపడ్డారు. అప్పటికి మధ్యాహ్నం వేసుకున్న ఇన్సులిన్ పని చాలావరకు మిగిలే ఉంది, అసలు జోరు అప్పుడే మొదలవుతోంది. దాని మీద ఇంకో నాలుగు యూనిట్లు పేర్చారు. రెండూ కలిసి సాయంత్రం మిమ్మల్ని కింద పడేశాయి. భోజనానికీ భోజనానికీ మధ్య షుగర్ ఎక్కువ కనిపించగానే అదనంగా పొడుచుకోవడం చాలామంది చేసే పనే. డాక్టర్ మీకోసం లెక్కగట్టి, ఏ రీడింగుకు ఎన్ని యూనిట్లు, ముందు డోసు తర్వాత ఎన్ని గంటలకు అని రాసిస్తే తప్ప ఆ పని మళ్లీ చేయకండి.

ఏ మందు మార్చకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తొడకు వేసుకుంటున్నానని రాశారు. తొడ నుంచి రెగ్యులర్ ఇన్సులిన్ నెమ్మదిగా రక్తంలోకి వెళుతుంది. పొట్ట నుంచి త్వరగా వెళుతుంది. అసలే ఆలస్యంగా పనిచేసేదాన్ని మీరు ఇంకా ఆలస్యం చేస్తున్నారన్నమాట. రోజూ ఒకే చోట వేసుకుంటున్నారా? అక్కడ వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగానో మెత్తగానో ఉబ్బు తగిలితే అందులోకి వెళ్లిన ఇన్సులిన్ ఒకరోజు కదులుతుంది, ఒకరోజు కదలదు. ఆ ఉబ్బు ఉన్న చోటు వదిలేసి, ప్రతిసారీ కనీసం ఒక వేలు వెడల్పు జరిపి వేసుకోవాలి. అయితే ఒక హెచ్చరిక. ఉబ్బు నుంచి మంచి చర్మానికి మారినా, తొడ నుంచి పొట్టకు మారినా ఇన్సులిన్ ఇంతకుముందుకన్నా బాగా ఒంటపడుతుంది. అదే డోసు ఎక్కువైపోవచ్చు. కాబట్టి ఈ మార్పు కూడా డాక్టర్‌కు చెప్పి, కొన్ని రోజులు ఎక్కువసార్లు చూసుకుంటూ చేయాలి. ఇన్సులిన్ ఎండకు తగిలిందా, గడ్డకట్టిందా, తెరిచి ఎన్నాళ్లయింది అన్నవి మీకు తెలిసినవే అనుకుంటాను. వాడుకలో ఉన్నవాటిలో చాలా రకాలకు గడువు 28 రోజులు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఏది మంచిది అని అడిగారు. మీ రోజుకు ఏది సరిపోతుందో చూద్దాం.

రెగ్యులర్‌తోనే ఉండిపోవడం కూడా ఒక దారే. మీ మరిది గారి మాటలో సగం నిజముంది. టైప్ 2లో రెగ్యులర్‌నీ త్వరగా పనిచేసే రకాలనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు హెచ్‌బీఎ1సీలో తేడా పెద్దగా కనిపించలేదు. ఖర్చు తక్కువ, దశాబ్దాల అనుభవం ఉన్న మందు. మానవ ఇన్సులిన్‌ను సూక్ష్మజీవుల్లో తయారుచేసి అమ్మకానికి అనుమతి తెచ్చుకున్నది 1982లో. అంతకు ముందు పందుల నుంచి, పశువుల నుంచి తీసేవారు. పాతది కాబట్టి పనికిరాదనడం, కొత్తది కాబట్టి వ్యాపారమనడం, రెండూ తొందరపాటే. ఆయన వదిలేసిన మిగతా సగం ఏమిటంటే, హెచ్‌బీఎ1సీ సగటు అంకె. మధ్యాహ్నం 250, సాయంత్రం 60 ఉన్న మనిషికీ, రోజంతా 155 ఉన్న మనిషికీ సగటు ఒకటే రావచ్చు. సగటు చూసి ఇద్దరూ ఒకటే అంటే మీ క్లాసులో పిల్లలే ఒప్పుకోరు.

రెగ్యులర్‌తో ఉండాలంటే మధ్యాహ్నం సూది బెల్ కొట్టాక కాదు, అంతకు ముందు అరగంటకు పడాలి. ఇది అసాధ్యమేమీ కాదు. స్కూలంటేనే బెల్. ఎన్నింటికి తింటారో ముందే తెలిసే ఉద్యోగం మీది. విరామానికి ముందు పీరియడ్ మీకు ఖాళీగా ఉన్న రోజుల్లో నిక్షేపంగా కుదురుతుంది. క్లాసు ఉన్న రోజు పీరియడ్ మారేటప్పుడు రెండు నిమిషాలు తీసుకోవాలి. కానీ ఒకసారి సూది పడ్డాక భోజనం వాయిదా పడకూడదు. హెడ్‌మాస్టర్ పిలిచారనో, ఎవరో తల్లిదండ్రులు వచ్చారనో ఇరవై నిమిషాలు గడిచిపోతే మీరు క్లాసులోనే ఇబ్బంది పడతారు. తోక పొడవు కాబట్టి సాయంత్రం ఏదో ఒకటి కొద్దిగా తినాల్సి రావచ్చు. సాయంత్రం ఎలాగూ తినే అలవాటున్న వాళ్లకు ఈ తోక ఉపకారమే. మీ ఉత్తరంలో ఆ అలవాటు కనిపించలేదు.

డాక్టర్ చెబుతున్న త్వరగా పనిచేసే ఇన్సులిన్ రెండో దారి. లిస్‌ప్రో, అస్పార్ట్, గ్లూలిసిన్ అని మూడు రకాలున్నాయి. మొదట వచ్చింది లిస్‌ప్రో, 1996లో. ఇన్సులిన్‌లోని ఒక గొలుసు చివర 28వ స్థానంలో, 29వ స్థానంలో ఉన్న రెండు అమైనో ఆమ్లాలను అటుదిటు, ఇటుదటు మార్చారు. అంతే, ఆరుగురి గుంపు గట్టిగా నిలవక ఇట్టే విడిపోతుంది. అస్పార్ట్‌లో, గ్లూలిసిన్‌లో వేరే చోట్ల వేరే చిన్న మార్పులు. ఈ మూడింటిలో ఏది అన్నది మీకు పెద్ద ప్రశ్న కాదు. మీకు క్రమం తప్పకుండా దొరికేది, ఖర్చు భరించగలిగేది ఏదైతే అదే. వేసుకున్న పది పదిహేను నిమిషాలకు పని మొదలవుతుంది. గంట రెండు గంటల్లో జోరు. నాలుగైదు గంటల్లో చాలావరకు ముగుస్తుంది. మీ గ్రాఫ్ మీద ఈ గీత గీసి చూడండి, భోజనం గీతకు ఎంత దగ్గరగా జరుగుతుందో.

మీ 30 నిమిషాల విరామంలో ఇది ఇముడుతుంది. బెల్ కొట్టగానే వేసుకుని, చేతులు కడుక్కుని, నాలుగు మాటలు మాట్లాడి తినొచ్చు. సాయంత్రం పడిపోవడం, అర్ధరాత్రి చెమటలు తగ్గే అవకాశం ఎక్కువ. రాత్రిపూట షుగర్ పడిపోవడం తక్కువ కావడమే ఈ రకానికి ఉన్న అసలు బలం. ఎంత తింటారో తెలియని రోజున, జ్వరంగా ఉన్నప్పుడో, తిన్న వెంటనే వేసుకునే వెసులుబాటు కూడా ఉంది. కానీ దాన్ని అలవాటు చేసుకుంటే తిన్న తర్వాత రీడింగు మళ్లీ ఎక్కుతుంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. మొదటిది, ఇందాక గుర్తుంచుకోమన్న మాట. రెగ్యులర్ తోక ఇన్నాళ్లూ మీ సాయంత్రాలనూ, తెల్లవారుజామునూ కొంత మోసి ఉంటే, అది పోయాక రాత్రి భోజనం ముందు రీడింగో, పరగడుపు రీడింగో పెరగొచ్చు. కొత్త మందు పనిచేయలేదని అప్పుడు కంగారు పడొద్దు. రాత్రి ఇన్సులిన్ సర్దాల్సి వచ్చిందేమో డాక్టర్ చూస్తారు. రెండోది, సాయంత్రం ఏమైనా తింటే దాన్ని చూసుకోవడానికి లోపల ఇన్సులిన్ ఉండదు. మూడోది, వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే ఇది రెగ్యులర్ కన్నా త్వరగా పడేస్తుంది. సూది పడిందంటే పళ్లెం ముందు ఉండాల్సిందే. నాలుగోది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దానివల్ల ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. రాత్రి ఇన్సులిన్ పెన్నూ, భోజనం ఇన్సులిన్ పెన్నూ ఒకేలా ఉండొచ్చు. నిద్రమత్తులో రాత్రి వేసుకోవాల్సినన్ని యూనిట్లు త్వరగా పనిచేసే పెన్నుతో వేసుకుంటే పెద్ద ప్రమాదం. రెండింటినీ వేరే గదుల్లో పెట్టండి. ఒకదానికి రబ్బరు బ్యాండ్ చుట్టండి. చీకట్లో చెయ్యి తగిలినా తెలియాలి.

సీసా నుంచి పెన్నుకు మారుతుంటే ఇంకోటి. కొన్నిచోట్ల ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి, పెన్నుల్లో మామూలుగా 100. పెన్ను పాడైందని దాని కార్ట్రిడ్జ్‌లోంచి 40 గుర్తుల సిరంజితో లాగారంటే, పది అనుకున్నది పాతిక అవుతుంది. లెక్క మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో వాళ్లకు మాత్రం చెప్పి ఉంచండి.

డోసు విషయం. యూనిట్‌కు యూనిట్ బలం ఒకటే కాబట్టి చాలామందికి అంతే డోసుతో మొదలుపెడతారు. షుగర్ పడిపోతున్న పూటలకు కాస్త తగ్గించి మొదలుపెట్టడమూ ఉంది. మీకెంత అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పను. 13 ఏళ్ల షుగర్‌కు కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారో మీ ఉత్తరంలో లేదు. కిడ్నీ పనితీరు తగ్గితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. మందు మార్చేలోపు ఆ రిపోర్టు డాక్టర్ ముందు ఉండాలి. అలాగే, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు, తిన్నది గంటల తరబడి అలాగే ఉన్నట్టు అనిపిస్తోందా? ఏళ్ల తరబడి షుగర్ ఉన్న కొందరిలో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అలాంటి వాళ్లకు త్వరగా పనిచేసే ఇన్సులిన్ తిండికన్నా ముందే పరిగెత్తి షుగర్ పడేస్తుంది, తర్వాత పైకి లేస్తుంది. వాళ్లలో కొందరికి ఆ పాత రెగ్యులరే నప్పుతుంది.

మీ తోటి టీచర్ కొడుకు వాడుతున్నది బహుశా ఫియాస్ప్ గానీ లియుమ్‌జెవ్ గానీ అయి ఉంటుంది. ఫియాస్ప్ అంటే అస్పార్టే, దానికి బీ3 విటమిన్ రకమైన నియాసినమైడ్ చేర్చారు. లియుమ్‌జెవ్ అంటే లిస్‌ప్రోకు సిట్రేట్, ట్రెప్రోస్టినిల్ చేర్చారు. రెండింటి ఉద్దేశమూ సూది పడిన చోటి నుంచి మందు ఇంకాస్త ముందుగా రక్తంలోకి వెళ్లడం. తినబోయే ముందు, లేదా తినడం మొదలుపెట్టాక 20 నిమిషాల లోపు వేసుకోవచ్చు. తిన్న గంటకు వచ్చే పెరుగుదల కొంత తగ్గుతుంది. హెచ్‌బీఎ1సీలో మాత్రం మామూలు లిస్‌ప్రో, అస్పార్ట్‌లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. కొందరికి వేసుకున్న చోట మంట. టైప్ 1 ఉన్న పిల్లవాడికి ఒంట్లో సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు, ప్రతి నిమిషమూ బయటి ఇన్సులిన్‌దే భారం కాబట్టి ఈ కొద్ది నిమిషాలు అతనికి విలువైనవి. మీకు పది నిమిషాలు ఆగే వీలుంది కదా. అరగంట నుంచి పది నిమిషాలకు దిగడం మీకు పెద్ద లాభం. పది నుంచి సున్నాకు దిగడానికి అదనపు ఖర్చు పెట్టాలా అన్నది మీరే తేల్చుకోవాలి. నాకైతే ఇప్పుడే అవసరం కనిపించడం లేదు.

పీల్చే ఇన్సులిన్ నిజమే. ముక్కుతో కాదు, నోటితో ఊపిరితిత్తుల్లోకి పీల్చేది. 2006లో ఒకటి వచ్చి, అమ్మకాలు లేక 2007లోనే మూతపడింది. 2014లో అమెరికాలో అఫ్రెజా అన్నదానికి అనుమతి వచ్చింది. చాలా త్వరగా పనిచేసి త్వరగా ముగుస్తుంది. కానీ చలికాలంలో పిల్లికూతలు వస్తాయని, ఇన్‌హేలర్ వాడతానని మీరే రెండో పేజీలో రాశారు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇది వాడకూడదు. ఆ తలుపు మీకు మూసుకుపోయినట్టే.

మీ ఉత్తరంలో లేని దారులు రెండు. ఒకటి 30/70 లాంటి కలిపి వచ్చే ఇన్సులిన్ (30 వంతులు భోజనానికి పనిచేసేది, 70 వంతులు నెమ్మదిగా పనిచేసేది), పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. స్కూల్లో సూది ఉండదు, దాచుకునే పని ఉండదు. ఈ మాట వినగానే మీ ప్రాణం లేచి వస్తుందని తెలుసు. కానీ పొద్దున వేసుకున్నదే మధ్యాహ్నం భోజనాన్నీ చూసుకోవాలి కాబట్టి, ఆ భోజనం రోజూ అదే టైముకు, దాదాపు అదే పరిమాణంలో ఉండాలి. ఒక భాగం పెంచితే రెండో భాగమూ పెరుగుతుంది. తొమ్మిదిన్నరకు రాత్రి భోజనం చేసే మీకు అర్ధరాత్రి చెమటలు దీనితో తగ్గుతాయని చెప్పలేను. రెండోది వారానికోసారి వేసుకునే జీఎల్‌పీ-1 రకం ఇంజెక్షన్లు. ఇవి ఇన్సులిన్ కావు, షుగర్ ఎక్కినప్పుడు క్లోమం చేతే ఇన్సులిన్ ఎక్కువ వదిలించే మందులు. టైప్ 2లో చాలామందికి భోజనం ఇన్సులిన్ మొదలుపెట్టే ముందే వీటిని ఆలోచించాలని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇప్పటికే మొదలుపెట్టిన వాళ్లలోనూ డోసు, ఒక్కోసారి పూటల సంఖ్య తగ్గించుకునే వీలుంటుంది. మొదట్లో వికారం, వాంతులు ఉండొచ్చు. క్లోమం వాపు వచ్చినవాళ్లకు, ఇంట్లో ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు పనికిరావు, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే వాళ్లకూ ఇబ్బందే. మీకు ఇది ఎందుకు రాయలేదో డాక్టర్‌ను అడగండి, కారణం ఉండే ఉంటుంది.

ఇక దాచుకోవడం గురించి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పుట్టించింది 262 కాదు, స్టాఫ్ రూంలో ఎవరికీ తెలియదన్న మాట. నాలుగున్నరకు మీరు తడబడుతూ మాట్లాడితే, అలసిపోయారనుకుని నీళ్లిచ్చి ఊరుకుంటారు. పది మందికి చెప్పమనడం లేదు. ఒక్కరికి చెప్పండి. కొడుక్కి టైప్ 1 ఉన్న ఆ తోటి టీచర్ కన్నా మీకు కావలసిన మనిషి ఎవరున్నారు? షుగర్ పడిపోతే ఏం చేయాలో ఆమెకు మీరు నేర్పక్కర్లేదు. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకూడదు, వెంటనే వైద్య సహాయం. ఆమె చేత ఒక్కసారి ఈ మాటలు చెప్పించుకోండి. మీరు బాత్రూంలో నిలబడి వేసుకోవడం కూడా అక్కడితో ఆగిపోవచ్చు.

మీ వారి మాట మిమ్మల్ని నొప్పించిందని రాశారు. ఆ గ్రాఫ్ ఆయన ముందు పెట్టండి. "టైముకి వేసుకోవడం లేదు" అన్నది నిజమే, కానీ ఎందుకు వీలు కాదో ఆయనకు గీతల్లో కనిపిస్తుంది. అర్ధరాత్రి చెమటలు వచ్చిన మూడు రాత్రులూ ఆయన పక్కనే ఉన్నారు. అవి షుగర్ పడిపోవడం వల్లేమోనని ఆయనకు తెలుసా? ఈసారి లేపి మీటర్ తెమ్మనండి. చెమట పట్టిన ప్రతిసారీ షుగర్ పడిపోయినట్టు కాదు, మీ వయసులో దానికి వేరే కారణాలూ ఉంటాయి. అంకె ఉంటేనే తెలుస్తుంది.

డాక్టర్‌ను కలిసేలోపు మధ్యాహ్నం సూది మీ అంతట మీరు మానొద్దు. టైప్ 1 ఉన్న పాఠకులు ఇది చదువుతుంటే వాళ్లకు ఇంకా గట్టిగా చెబుతున్నాను, సూది మానడం మీకు ప్రాణాంతకం కావచ్చు. సాయంత్రం నాలుగు గంటలకు, బండి తీసే ముందు షుగర్ చూసుకోండి. 90 కన్నా తక్కువుంటే ముందు ఏదైనా తిని, పెరిగిందని చూసుకున్నాకే బయల్దేరండి. షుగర్ ఇలా పడిపోతూనే ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ముందే ఫోన్ చేయండి, ఈలోపు డోసు ఏం చేయాలో ఆయనే చెబుతారు.

మూడు రోజులు, అందులో ఒకటి సెలవు రోజు, ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి రాయండి: సూది ఎన్నింటికి, మొదటి ముద్ద ఎన్నింటికి, తిన్న రెండు గంటలకు ఎంత, మళ్లీ తినే ముందు ఎంత. సెలవు రోజున అరగంట ముందు వేసుకుని చూస్తే, టైం ఒక్కటి మారితే మీ అంకెలు ఎంత మారతాయో ఆ కాగితం మీదే కనిపిస్తుంది. వేసుకోని పూటలను ఖాళీగా వదలకండి, "వేసుకోలేదు" అని రాయండి. డాక్టర్ గదిలోకి వెళ్లాక "బాగానే ఉన్నాను" అనకుండా, "అరగంట ముందు వేసుకోవడం నాకు కుదరడం లేదండీ, కొన్ని రోజులు అసలు వేసుకోవడమే లేదు" అని మొదలుపెట్టి, కాగితం ఆయన చేతికివ్వండి.